హైదరాబాదు పరిసరాల్లో చలికాలానికి తేనెటీగలకు చక్కెర ద్రావణం ఇవ్వాలా?

ప్రశ్న – చేవెళ్ల తోట రైతు

అందరికీ నమస్కారం. చేవెళ్ల దగ్గర మాకు మామిడి, మునగ కలిసిన చిన్న తోట ఉంది. పూత బాగా నిలుస్తుందని తోటలో పుట్ట తేనెటీగల (మన నాటు ఈగల) పెట్టెలు కొన్ని, ఇటాలియన్ ఈగల పెట్టెలు రెండు పెట్టుకున్నాము. స్వాతి కార్తె ముగుస్తున్నది, రాత్రుళ్లు చలి మొదలైంది. చలి రాకముందే ఒక్కో పెట్టెకు చిక్కటి చక్కెర ద్రావణం లీటర్ల కొద్దీ పట్టించాలని, పెట్టె చుట్టూ మందపాటి పట్టలు కట్టాలని, లేకపోతే కుటుంబం మొత్తం చనిపోతుందని అమెరికా, ఇంగ్లండ్ పెంపకందారుల వీడియోల్లో గట్టిగా చెబుతున్నారు. మన దగ్గర కూడా అలాగే చేయాలా?

ఈ భయానికి కారణం ఉంది. వానాకాలంలో మా పెట్టెలన్నీ బాగా బలహీనపడ్డాయి. ఆగస్టు చివర్లో ఒక పుట్ట తేనెటీగల కుటుంబం పట్టును ఖాళీగా వదిలి ఎటో వెళ్లిపోయింది. మిగిలిన వాటినైనా చలికాలం దాటించాలని నా ఆరాటం. ద్రావణం ఎంత చిక్కగా ఉండాలి, ఎంత పోయాలి, చక్కెర బదులు బెల్లం వాడవచ్చా, బజారులో దొరికే తేనె పెడితే ఇంకా మంచిదా అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం – వికారాబాద్ దారి పెంపకందారు

చేవెళ్ల రైతు గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మీ ఈగలు బలహీనపడింది వానాకాలంలో, పెట్టె వదిలి వెళ్లింది ఆగస్టులో. దక్కన్ పీఠభూమి మీద తేనెటీగలకు కరువు కాలం చలికాలం కాదు, వానాకాలం. చలిదేశాలవారు చలికి ముందు చేసే పనిని మనమూ చలికి ముందే చేస్తే, ఆకలి తీరిపోయిన తరువాత అన్నం వడ్డించినట్టు అవుతుంది.

మన దగ్గర ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కానుగ, వేప పూస్తాయి, వాటి వెనుక చింత పూస్తుంది. మృగశిర కార్తెతో వానలు దిగాక చెట్ల పూత దాదాపు ఆగిపోతుంది. జొన్న, మొక్కజొన్న వంటి పైర్ల నుంచి పుప్పొడి దొరుకుతుంది గానీ మకరందం దొరకదు. పూసిన కొద్దిపాటి పూలలోని మకరందం కూడా వానకు పలచబడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఈగలు బయటికే రావు. సెప్టెంబరు దాటి వానలు వెనుకబడ్డాక రేగు, ఆ తరువాత కంది, కుంకుడు, ధనియాలు, కుసుమ, మునగ, మామిడి, యాసంగి పొద్దుతిరుగుడు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మామిడి మీద నిజానికి తేనెటీగల కంటే మామూలు ఈగలు, ముసురు ఈగలే ఎక్కువగా వాలుతాయి కనుక దాని నుంచి తేనె పెద్దగా ఆశించవద్దు. మీ తోటలోని మునగ, చుట్టుపక్కల పొలాల్లోని ధనియాల చేలు మీ పెట్టెలకు ఎక్కువ మేలు చేస్తాయి. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజాములు ఎంత చల్లగా ఉన్నా మధ్యాహ్నానికి 27, 28 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అంటే ఈగలు బయటికి వెళ్లి మేత తెచ్చుకోలేని రోజంటూ దాదాపు ఉండదు. పట్టలు కట్టనవసరం లేదు. ఉత్తరపు గాలి నేరుగా ద్వారంలోకి కొట్టకుండా పెట్టెను తిప్పి, తూర్పు ఎండ తగిలేలా ఉంచితే చాలు.

అయితే చలికాలంలో ఏ పెట్టెకూ మేత పెట్టవద్దని నేను అనడం లేదు. తేదీని బట్టి కాకుండా పెట్టె లోపలి స్థితిని బట్టి నిర్ణయించమంటున్నాను. ఎండగా ఉన్న మధ్యాహ్నం పెట్టె తెరిచి, ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చట్రాల) పై అంచున మూత వేసిన తేనె ఎంత వెడల్పున ఉందో చూడండి. ఇటాలియన్ ఈగల పెట్టెలో రెండువైపులా నిండిన పెద్ద ఫ్రేము ఒక్కటే రెండున్నర కిలోలకు పైగా తేనె మోస్తుంది. అలాంటివి రెండుంటే మన చలికాలంలో ఆ కుటుంబానికి ఏ లోటూ ఉండదు. పుట్ట తేనెటీగల పెట్టెలో పిల్ల గది (పిల్లలు పెరిగే కింది అర) ఫ్రేములన్నిటి పైభాగాన మూడు, నాలుగు వేళ్ల వెడల్పు తేనె కనిపిస్తే వాటి జోలికి వెళ్లవద్దు. తేనె లేక అరలు పొడిగా మెరుస్తూ, పిల్ల పురుగుల చుట్టూ తెల్లటి జావ కూడా సరిగా కనిపించని పెట్టెకు మాత్రం ఆ సాయంత్రమే మేత పెట్టండి.

ఇక ద్రావణం సంగతి. కిలో చక్కెరకు లీటరు నీళ్లు కలిపితే దాదాపు లీటరున్నరకు కాస్త పైగా పలచటి ద్రావణం వస్తుంది. అది పూల మకరందానికి దగ్గరగా ఉంటుంది కనుక కూలి ఈగలు దానిని వెంటనే పిల్లల పోషణకు వాడుకుంటాయి, రాణి గుడ్లు పెట్టడం పెంచుతుంది. రెండు కిలోల చక్కెరకు లీటరు నీళ్లు పోస్తే వచ్చే చిక్కటి ద్రావణం నిల్వకు పనికివస్తుంది. ఈగలు ఏ ద్రావణాన్నయినా రెక్కలతో విసిరి, నీటి పాళ్లు 20 శాతం లోపుకు దింపి గానీ మూత వేయవు. వానాకాలపు తేమగాలిలో ఆ నీటిని ఆరబెట్టడం వాటికి చాలా శ్రమ. అందుకే జూలై, ఆగస్టు నెలల్లో బతికించడానికి పెట్టే మేత చిక్కగానే ఉండాలి. పలచటి ద్రావణాన్ని పూత ముందు ఈగల సంఖ్య పెంచుకోవడానికి ఉంచుకోండి.

ఆ రెండో పనికి సమయం చాలా ముఖ్యం. గుడ్డు పెట్టిన నాటి నుంచి కూలి ఈగ అరలోంచి బయటికి రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది, ఆ తరువాత పెట్టె లోపలి పనులు చేసి మేతకు వెళ్లడం మొదలుపెట్టేసరికి మరో రెండు, మూడు వారాలు అవుతుంది. నవంబరు నడిమికి వచ్చే పూతను అందుకోవాలంటే ఆ పూతకు పనిచేసే ఈగల గుడ్లు సెప్టెంబరు చివర్లో, అంటే ఉత్తర, హస్త కార్తెలలోనే పడి ఉండాలి. ఇప్పుడు మొదలుపెట్టే పలచటి మేత ఫలితం డిసెంబరు చివరికి కనిపిస్తుంది. మీకు మునగ, మామిడి పూతే ముఖ్యం కనుక మీ విషయంలో అది వృథా కాదు, కానీ బయట పూత మొదలయ్యాక ఆపేయాలి.

పంచదారే వాడండి, తెల్లది, శుభ్రమైనది. బెల్లం వద్దు. బెల్లంలోని ఖనిజాలు, మడ్డి ఈగలకు అరగవు, వాటి కడుపులో మలంగా పేరుకుంటాయి. ఇక్కడి ఈగలు రోజూ బయటికి ఎగిరి విసర్జించగలవు కనుక చలిదేశాలలో అంత ప్రమాదం జరగకపోయినా, కుటుంబాన్ని నీరసపరచడానికి అది చాలు. పైగా బెల్లం నీళ్లు మన ఎండకు రాత్రికి రాత్రే పులుస్తాయి, చీమలను పిలుస్తాయి. చక్కెరను కూడా పాకంలా మరిగించవద్దు. నీళ్లు వేడిచేసి, పొయ్యి దించాక చక్కెర వేసి కలపండి. నిమ్మరసం, వెనిగర్ కలపమని కొందరు చెబుతారు. పులుపు, వేడి కలిసినప్పుడు చక్కెరలోంచి పుట్టే హైడ్రాక్సీ మిథైల్ ఫర్‌ఫ్యూరల్ అనే పదార్థం ఈగలకు విషం.

మేత చీకటి పడ్డాకే పెట్టండి, అదీ పెట్టె లోపలే. పగలు బయట పళ్లెంలో పోస్తే పక్క పెట్టెల ఈగలు వాసన పట్టి దోపిడీకి దిగుతాయి, బలహీనమైన కుటుంబం ఒక్క పూటలో నాశనమవుతుంది. ఆ రోజుల్లో ద్వారాన్ని రెండు ఈగలు పట్టేంత ఇరుకు చేయండి. మూతకు సన్నటి రంధ్రాలు చేసిన సీసాను ఫ్రేముల మీద బోర్లించవచ్చు, ఫ్రేము ఆకారపు ఫీడరైతే అందులో ఈగలు మునిగిపోకుండా ఎండు పుల్లలు తేలనివ్వాలి. పుట్ట తేనెటీగలకు ఒక రాత్రికి 200 నుంచి 300 మిల్లీలీటర్లు, ఇటాలియన్ ఈగలకు అర లీటరు చాలు. తెల్లవారేసరికి మిగిలితే తీసి పారబోయండి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు లేకుండా మేత పెడితే మీరు పెంచేది చీమలనే.

సమాధానం – మిషిగన్‌లో ఉంటున్న హైదరాబాదీ

వికారాబాద్ దారి పెంపకందారు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మీరు చూసిన వీడియోలలో చెప్పేది ఇక్కడ ఎందుకు నిజమో వివరిస్తాను. కారణం తెలిస్తే, అక్కడ ఏది వదిలేయవచ్చో మీకే అర్థమవుతుంది.

ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా పువ్వన్నది ఉండదు. ఉష్ణోగ్రత పద్నాలుగు డిగ్రీల కంటే తగ్గుతున్నకొద్దీ ఈగలన్నీ ఒకదానినొకటి హత్తుకుని గుంపు కడతాయి, రెక్కల కండరాలను అదిలిస్తూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి ఇంధనం తేనె. అందుకే ఇక్కడ ఒక్కో కుటుంబానికి 30 కిలోలకు పైగా తేనె నిల్వ ఉండాలంటారు. నిల్వ తక్కువైతే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరులో చిక్కటి ద్రావణం పట్టిస్తాము. పది డిగ్రీల కంటే చల్లగా ఉంటే అవి ద్రావణాన్ని ముట్టవు కనుక, ఆ తరువాత ఆకలి కనిపించినా గుంపు పైన గట్టి చక్కెర ముద్దో, కాగితం పరిచి పొడి చక్కెరో పెట్టడం తప్ప మార్గం లేదు. గుంపుకు నాలుగు అంగుళాల దూరంలో తేనె నిండిన ఫ్రేము ఉన్నా, గడ్డకట్టే చలిలో గుంపు విడి అటు కదలలేక ఆకలితో చనిపోయిన కుటుంబాలను ఇక్కడ ప్రతి వసంతంలోనూ చూస్తాము. తడి కూడా చంపుతుంది, ఎందుకంటే ఈగల ఊపిరి ఆవిరి చల్లటి మూతకు తగిలి నీటిచుక్కలై వాటి మీదే పడుతుంది. పట్టలు కట్టడం, పైన గాలిదారి వదలడం అందుకోసమే.

ఇంకొక విషయం ఉంది. ఇక్కడ శరదృతువులో పుట్టే ఈగల శరీరంలో కొవ్వు, మాంసకృత్తుల నిల్వ ఎక్కువ. వేసవి ఈగ ఐదారు వారాలు బతికితే ఇవి ఐదారు నెలలు బతుకుతాయి. వాటిని పెంచే సమయంలో ఈగల ఒంటిని పట్టుకుని పీల్చే వరోవా పురుగు పట్టితే ఎంత చక్కెర పోసినా కుటుంబం నిలవదు, అందుకే ఇక్కడివారు మేత కంటే ముందు పురుగు నివారణ చూస్తారు. మీ ఇటాలియన్ పెట్టెలకు ఈ మాట వర్తిస్తుంది. వరోవా మొదట పుట్ట తేనెటీగల మీద బతికిన పురుగే. వాటికి దానితో వేల ఏళ్ల అలవాటు ఉంది, ఒంటిమీది పురుగును అవి ఏరి పారేయగలవు. ఇటాలియన్ ఈగలకు ఆ నేర్పు తక్కువ. 1960లలో వాటిని పంజాబు, హిమాచల్ ప్రాంతాలలో స్థిరపరిచాక దేశమంతా వ్యాపించాయి, పురుగు బెడద వాటిలోకీ పాకింది. మేత పెట్టే ముందు ఆ రెండు పెట్టెలలో మూత వేసిన పిల్ల అరలు కొన్ని విప్పి చూడండి.

సమాధానం – రాజేంద్రనగర్ కీటకశాస్త్ర విద్యార్థి

బజారు తేనె గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. దయచేసి ఎప్పుడూ పెట్టవద్దు. సీసా తేనె ఎన్నో చోట్ల నుంచి సేకరించి కలిపినది. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే కుళ్లు తెగులు కలిగించే బాక్టీరియా బీజాలు తేనెలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి. అవి మనుషులను ఏమీ చేయవు, పిల్ల పురుగులను మాత్రం చంపుతాయి. తెగుళ్లు కుటుంబం నుంచి కుటుంబానికి ఎంత త్వరగా పాకుతాయో 1990ల ఆరంభంలో పిల్ల పురుగులను సంచిలా ఉబ్బించి చంపే థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టినప్పుడు కేరళ, కర్ణాటక, తమిళనాడు పెంపకందారులు కళ్లారా చూశారు. మీ సొంత పెట్టెల్లో, ఆరోగ్యంగా ఉన్న కుటుంబం నుంచి తీసిన తేనె ఫ్రేము ఉంటే దానిని మించిన మేత లేదు.

చక్కెరతో తీరనిది ఒకటుంది, అది పుప్పొడి. చక్కెర శక్తినిస్తుంది గానీ శరీరం కట్టదు. పుప్పొడి తిన్న యువ ఈగల గ్రంథుల నుంచే పిల్లలకు పెట్టే జావ ఊరుతుంది. మీ కుటుంబం ఆగస్టులో వెళ్లిపోవడానికి తేనె లేకపోవడం ఎంత కారణమో, వరుస ముసురులో పుప్పొడి రాకపోవడం కూడా అంతే కారణం కావచ్చు. పిల్లలు తగ్గితే ఈగలు పట్టును కాపలా కాయలేవు, పట్టును తినే మైనపు పురుగు పడుతుంది, ఆపైన పుట్ట తేనెటీగలు అక్కడ నిలబడవు. వచ్చే వానాకాలంలో ద్వారం దగ్గర అరగంట కూర్చుని, కాళ్లకు రంగు ముద్దలతో ఎన్ని ఈగలు వస్తున్నాయో గమనించండి. రాకపోతే కొవ్వు తీసిన సోయా పిండి మూడు పాళ్లు, బ్రూవర్స్ ఈస్ట్ ఒక పాలు, వెన్న తీసిన పాలపొడి ఒక పాలు కలిపి, చిక్కటి చక్కెర ద్రావణంతో ముద్ద చేసి, పల్చటి రొట్టెలా ఫ్రేముల మీద పెట్టవచ్చు. పాలలోని చక్కెరలు ఈగలకు పడవు కనుక పాలపొడి ఆ పాళ్లకు మించకూడదు. రొట్టెలు పొంగించే బతికున్న ఈస్ట్ వాడకూడదు. పుట్ట తేనెటీగలు కొన్ని ఈ ముద్దను ముట్టవు. మూడు రోజుల్లో తినకపోతే ఎండి బూజు పట్టకముందే తీసేయండి.

వికారాబాద్ దారి గారితో ఒక్క విషయంలో నాకు భేదం ఉంది. ఈగల సంఖ్య పెంచడానికి ఇచ్చే పలచటి మేతను నేను అంత తేలికగా సిఫారసు చేయను. పుప్పొడి తగినంత వస్తున్నప్పుడే అది పనిచేస్తుంది, లేకపోతే రాణి పెట్టిన గుడ్లను పోషించలేక ఈగలే పిల్ల పురుగులను తినేస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు తేనె నాణ్యతది. పూత మొదలయ్యాక ఒక్క వారం ఎక్కువ మేత పెట్టినా ఆ చక్కెర మనం తేనె తీసుకునే పై అరలోకి ఎక్కుతుంది. చెరకు చక్కెరను కార్బన్ ఐసోటోపు పరీక్ష ఇట్టే పట్టిస్తుంది. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో అలాంటి సి4 చక్కెర (చెరకు, మొక్కజొన్న వంటి మొక్కల చక్కెర) 7 శాతానికి మించకూడదు. కల్తీ చేసే ఉద్దేశం లేని రైతు తేనె కూడా ఇలా కల్తీ తేనెగా తేలుతుంది. తేనె తీసి అమ్మదలిస్తే, మేత పెట్టే రోజుల్లో పై అర తీసివేయడం తప్పనిసరి నియమంగా పెట్టుకోండి.

చేవెళ్ల తోట రైతు

మీ అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే మధ్యాహ్నం ఎండలో పెట్టెలన్నీ తెరిచి చూశాను. ఇటాలియన్ ఈగల పెట్టెలు రెండింటిలోనూ మూత వేసిన తేనె బాగానే ఉంది. పుట్ట తేనెటీగలు ఒక్క పెట్టెలో తప్ప మిగతా అన్నిటిలోనూ పసుపు, నారింజ రంగు పుప్పొడి తెస్తున్నాయి. ఆ ఒక్క పెట్టెలో మాత్రం ఈగలు మూడు ఫ్రేములకు మించి లేవు, తేనె అసలే లేదు. పిల్లలున్నారు గానీ చెదురుమదురుగా ఉన్నారు. ఆ పెట్టెను ఏం చేయమంటారు? వెళ్లిపోయిన కుటుంబం వదిలిన పట్టు కూడా అలాగే ఉంది, దానిని ఈ పెట్టెకు ఇవ్వవచ్చా?

వికారాబాద్ దారి పెంపకందారు

చాలా సంతోషం, మీ బాధ ఒక్క పెట్టెకు పరిమితమైంది. మిగిలిన వాటికి ఇప్పుడు ఏమీ పెట్టవద్దు.

ఆ బలహీనమైన పెట్టెలో ముందుగా గుడ్లున్నాయేమో చూడండి. మీరు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి ఫ్రేమును పట్టుకుంటే ఒక్కో అర లోపలి అడుగుభాగంలో గుడ్లు సన్నటి తెల్లటి దారపు ముక్కల్లా నిలబడి కనిపిస్తాయి. ఒక్కో అరలో ఒక్కటే ఉంటే రాణి ఉన్నట్టే. గుడ్లు లేకపోతే, లేదా ఒక్కో అరలో రెండు, మూడు ఉంటే ఎంత మేత పెట్టినా ప్రయోజనం లేదు, ఆ ఈగలను పక్క కుటుంబంలో కలపడమే మేలు. పిల్ల పురుగులు రంగు మారి, సంచిలా ఉబ్బి, అరల మూతలు చిల్లులు పడి ఉంటే మాత్రం కలపవద్దు, ఆ పెట్టెను మిగిలిన వాటికి దూరంగా జరిపి విద్యార్థి గారి సలహా తీసుకోండి.

రాణి ఉండి, తెగులు లేకపోతే ఈగలు కప్పి ఉన్న మూడు ఫ్రేములే ఉంచి మిగతావి తీసేయండి. పక్కన ఒక పలక నిలబెట్టి గదిని ఇరుకు చేస్తే పిల్లలకు కావలసిన 34, 35 డిగ్రీల వేడిని కొద్ది ఈగలే నిలపగలవు. బలమైన పెట్టె నుంచి మూత వేసిన తేనె ఫ్రేము ఒకటి, మీద ఈగలు లేకుండా దులిపి, దీనికి ఇవ్వండి. అది కుదరకపోతే వారం రోజుల పాటు రాత్రికి 200 మిల్లీలీటర్ల పలచటి ద్రావణం పెట్టండి.

వదిలిపోయిన పట్టును మాత్రం ఇవ్వవద్దు. అందులో మైనపు పురుగు గుడ్లు కంటికి కనపడకుండా ఉంటాయి, ఆ కుటుంబం ఏ తెగులుతో వెళ్లిందో కూడా మనకు తెలియదు. దానిని కరిగించి మైనం చేసుకోండి. పెట్టె లోపలి గోడలను గీకి, మంట చూపించి, ఎండలో పెడితే వచ్చే ఏడు విడిపోయే గుంపుకు పనికివస్తుంది.

విద్యార్థి గారు లేవనెత్తిన విషయం సరైనదే. అందుకే ఆ పెట్టెకు పై అర ఎక్కించకండి, ఈసారి దాని తేనె తీయకండి. మేత ఎప్పుడు ఆపాలో ఫ్రేముల పై పుల్లలే చెబుతాయి: పాత నల్లటి పట్టు అంచుల మీద ఈగలు కొత్తగా తెల్లటి మైనం పూస్తున్నాయంటే బయట మకరందం దొరుకుతున్నట్టు, ఆ సాయంత్రమే ఫీడర్ తీసివేయండి.